కారు తియ్యకుండా రెండ్రోజులు ప్రశాంతంగా గడపాలి, చికాగో సబర్బ్స్‌లో నడిచి తిరిగేలాంటి పాత విలేజ్ ఏదైనా ఉంటే చెప్పండి

#1 వానకోయిల
మేముండేది నేపర్‌విల్. మా అత్తయ్యగారు మావయ్యగారు వచ్చి రెండు నెలలైంది. ప్రతి శనివారం తెల్లారకముందే లేవడం, డబ్బాల్లో పులిహోర పెట్టుకోవడం, మూడు గంటలు డ్రైవ్ చెయ్యడం, అక్కడికెళ్ళాక పార్కింగ్ కోసం అరగంట గిరగిరా తిరగడం, నాలుగు ఫోటోలు, మళ్ళీ మూడు గంటలు వెనక్కి. ఆదివారం ఎవరూ మంచం దిగలేరు. సోమవారం ఆఫీసుకి శుక్రవారం కన్నా ఎక్కువ అలసిపోయి వెళ్తున్నా. మొన్న విస్కాన్సిన్ డెల్స్ నుంచి వస్తుంటే అత్తయ్యగారు కిటికీలోంచి చూసి చూసి, "అమ్మాయ్, ఈ దేశంలో మనుషులు నడవరా? ఇన్ని ఊళ్ళు దాటాం, రోడ్డు మీద ఒక్క మనిషీ కనపడలేదు" అన్నారు. నాకేం చెప్పాలో తోచలేదు. నేనే నడిచి ఎన్నాళ్ళయిందో.

అందుకని ఈసారి కారు గరాజ్‌లోనే ఉంచి, రైల్లో వెళ్ళి, ఒక పాత ఊళ్ళో తీరిగ్గా నడిచి, చెట్ల కింద కూర్చుని, రాత్రికి అక్కడే ఉండి మర్నాడు వద్దామని ఉంది. అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పి, మైలున్నర నడవగలరు, మధ్యమధ్యలో కూర్చోవాలి. మావయ్యగారు రైల్వేలో రిటైరయ్యారు, ఆయన ఎంతైనా నడుస్తారు. పాపకి నాలుగేళ్ళు. జనం తోసుకునే చోట్లు వద్దు. ఎవరైనా వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి.

#2 బెజవాడ_బుల్లోడు
నేపర్‌విల్‌లో ఉండి ఇంకెక్కడికో ఎందుకండీ. రివర్‌వాక్ ఉందిగా మీ ఊళ్ళోనే, నది పక్కన ఇటుకల దారి, కావలసినన్ని బెంచీలు. పక్కనే నేపర్ సెటిల్‌మెంట్ మ్యూజియం.

#3 వానకోయిల
రివర్‌వాక్ రోజూ సాయంత్రం వెళ్తూనే ఉన్నాం, మావయ్యగారిని అక్కడి బాతులు కూడా గుర్తుపట్టేంత పరిచయం. కొత్త చోటు కావాలి, రాత్రి ఇంటికి రాకుండా ఉండాలి. ఇంటికొస్తే నేను లాండ్రీ మొదలెట్టేస్తా, నా సంగతి నాకు తెలుసు.

#4 కాఫీ_కిట్టు
జెనీవా. కళ్ళు మూసుకుని వెళ్ళిపోండి. థర్డ్ స్ట్రీట్ అంతా పాత ఇళ్ళు, ఆ ఇళ్ళల్లోనే షాపులు, స్టేషన్ దిగితే ఆ వీధిలోనే ఉంటారు. ఫాక్స్ నది పక్కన దక్షిణంగా వెళ్తే ఫాబ్యన్ పార్కులో జపనీస్ గార్డెన్, డచ్ విండ్‌మిల్. ఆ విండ్‌మిల్ బొమ్మతో 1980లో పోస్టల్ స్టాంపు కూడా వచ్చింది.

#5 మల్లి_ముషీరాబాద్
లాంగ్ గ్రోవ్ పోండ్రి. చిన్నగ ముద్దుగ ఉంటది, చెక్క కప్పున్న వంతెన ఉంటది, జూన్‌ల స్ట్రాబెర్రీ ఫెస్టివల్ పెడ్తరు. మా పిల్లలైతే అక్కడికెల్లి లేవనే లేవలే.

#6 నడకదారి
లాంగ్ గ్రోవ్ బాగుంటది కానీ అక్కడికి రైలు లేదు, కారు తియ్యాల్సిందే. జెనీవా రైలు వేరే లైను, నేపర్‌విల్ వాళ్ళు దానికి వెళ్ళాలంటే ముందు కార్లో అటు పోవాలి, లేకపోతే డౌన్‌టౌన్ దాకా వెళ్ళి లైను మారాలి. వానకోయిల గారూ మీ ఊళ్ళో ఆగే బీఎన్‌ఎస్‌ఎఫ్ లోకల్ రైలు లైన్ మీదే రివర్‌సైడ్ ఉంది. నేపర్‌విల్‌లో ఎక్కి ముప్పావుగంటలో దిగుతారు. దిగిన చోటే ఊరు మొదలు. మీరు అడిగినవన్నీ అక్కడున్నాయి, ఒక్క హోటల్ తప్ప.

#7 బెజవాడ_బుల్లోడు
రివర్‌సైడా? మేం ఒకసారి జూ నుంచి వస్తూ ఆగాం. ఓ నీళ్ళ ట్యాంకు, ఓ స్టేషను, ఇళ్ళు. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. పైగా ఆ రోడ్లు ఎటు పోతాయో అర్థం కాదు, జీపీఎస్ పెట్టుకుని కూడా ఒకే చర్చి ముందుకి మూడుసార్లు వచ్చాం. పెద్దవాళ్ళని తీసుకెళ్ళి అక్కడ ఏం చూపిస్తారు?

#8 స్థపతి
బుల్లోడు గారూ, మీరు కారు దిగలేదు కదా, అదే తేడా. ఆ ఊరు కార్లో చూసే ఊరు కాదు. నేను పని మీద (ఆర్కిటెక్ట్‌ని) మొదటిసారి వెళ్ళి, తర్వాత పని లేకుండా ఓ పదిసార్లు వెళ్ళా, అందుకని కాస్త వివరంగా చెప్తా, ఓపికుంటే చదవండి.

1868లో ఓ కంపెనీ డెస్ ప్లేన్స్ నది పక్కన 1600 ఎకరాలు కొనింది. రైలు అప్పటికే ఆ దారిన వెళ్తోంది. చికాగోలో పనిచేసేవాళ్ళు ఇక్కడ కాపురం పెట్టి రోజూ రైల్లో వెళ్ళొస్తారని వాళ్ళ ఆలోచన. ప్లాన్ గియ్యడానికి న్యూయార్క్ సెంట్రల్ పార్క్ గీసిన ఓమ్‌స్టెడ్, వాక్స్ ఇద్దర్నీ పిలిచారు. 1869లో వాళ్ళిచ్చిన ప్లానే ఇప్పటికీ ఆ ఊరు. చికాగో మొత్తం గళ్ళ లుంగీలాగా నిలువూ అడ్డం వీధులు కదా, ఇక్కడ మాత్రం రోడ్లన్నీ నది వంపుల్ని చూసి తిప్పారు. ఓమ్‌స్టెడ్ ఆ కంపెనీకిచ్చిన రిపోర్టులోనే రాశాడు, తిన్నటి రోడ్డు చూస్తే పరుగెత్తాలనిపిస్తుంది, మెలికలు తిరిగిన రోడ్డయితే తీరిక, ప్రశాంతత స్ఫురిస్తాయి అన్న అర్థంలో. అంటే మీరు చర్చి ముందుకి మూడుసార్లు రావడం ఆయన ప్లాన్‌లో లోపం కాదు, అక్కడ తొందరగా వెళ్ళడానికి వీల్లేకుండానే గీశాడు. నడుస్తుంటే ముందున్న ఇల్లు కనపడదు, ఓ పదడుగులు వేస్తే చెట్ల సందులోంచి గోడ కొంచెం, ఇంకో పదడుగులకి వరండా. ఇళ్ళన్నీ రోడ్డుకి 30 అడుగులు వెనక్కి కట్టాలని రూలు పెట్టారు. రోడ్లు వంపు తిరిగి కలిసే చోట్ల మిగిలిన ముక్కోణాల్లో పచ్చిక, చెట్లు వదిలేశారు. అవి ఊళ్ళో ఎక్కడపడితే అక్కడ ఉంటాయి, పెద్దవాళ్ళు ఆగడానికి అంతకన్నా మంచి చోటు లేదు.

1871లో చికాగో తగలబడేసరికి డబ్బూ పనివాళ్ళూ అంతా అటు వెళ్ళిపోయారు, 1873 మాంద్యంలో కంపెనీ దివాలా తీసింది. అయినా తర్వాత కట్టుకున్నవాళ్ళు ప్లాన్ మార్చలేదు. 1970లో ఆ ఊరు నేషనల్ హిస్టారిక్ ల్యాండ్‌మార్క్ అయింది. ఏదో ఒక బిల్డింగుకి కాదు, ఊరి ప్లానుకి వచ్చిన గుర్తింపు అది.

మీరు "ఓ నీళ్ళ ట్యాంకు" అన్నది 1871 నాటిది. దాన్ని డిజైన్ చేసిన జెన్నీ అనే ఆర్కిటెక్ట్ అదే ఊళ్ళో ఉండేవాడు, తర్వాత 1885లో చికాగోలో పది అంతస్తుల హోమ్ ఇన్సూరెన్స్ బిల్డింగ్ కట్టింది ఆయనే, ప్రపంచంలో మొదటి స్కైస్క్రేపర్ అని చాలామంది దాన్నే అంటారు. అది 1931లో కూల్చేశారు, ఈ ట్యాంకు మాత్రం ఉంది. 1913లో కాలిపోతే పైభాగం మళ్ళీ కట్టుకున్నారు.

#9 మల్లి_ముషీరాబాద్
గళ్ళ లుంగీ 😂 ఇగ చికాగో మ్యాప్ ఎప్పుడు జూసినా అదే యాదికొస్తది నాకు.

#10 తెల్లారి_బండి
స్థపతి గారి పోస్టు సేవ్ చేసుకున్నా. పన్నెండేళ్ళు ఆ లైన్లో ఆఫీసుకెళ్ళొచ్చా, రోజుకి రెండుసార్లు ఆ స్టేషన్ చూశా, ఒక్కసారీ దిగలేదు. బాధేస్తోంది.

#11 బెజవాడ_బుల్లోడు
సరే స్థపతి గారూ, దిగలేదన్నది నిజమే ఒప్పుకుంటా. కానీ రెండ్రోజులు? ప్లాన్ బాగుందని ఎంతసేపు చూస్తాం. పిల్లకి నాలుగేళ్ళంటున్నారు, దానికి ఓమ్‌స్టెడ్ ఎవరో కావాలా.

#12 గోరింటాకు
నాలుగేళ్ళ పిల్లకి ఏం కావాలో నేను చెప్తా బుల్లోడూ, మావాడికి ఐదు. ఊగే వంతెన! రివర్‌సైడ్‌లో నది మీద స్వింగింగ్ బ్రిడ్జ్ అని నడిచేవాళ్ళకి మాత్రమే ఉంటుంది, మధ్యలోకి వెళ్ళి నిలబడి ఎవరైనా అటునుంచి నడిచొస్తే కాళ్ళ కింద సన్నగా కదులుతుంది. మావాడు ఆ వంతెన పదకొండుసార్లు దాటాడు, నేను లెక్కపెట్టా. తర్వాత స్టేషన్ పక్క పార్కులో కూర్చుంటే గూడ్సు బండి వచ్చింది, డబ్బాలు లెక్కపెట్టడానికి ఇంకో పావుగంట. ఆ రోజు వాడు ఐప్యాడ్ అడగలేదు.

#13 నడకదారి
గోరింటాకు గారు చెప్పిన లైను మూడు ట్రాకులు. రైల్వే పిచ్చి ఉన్నవాళ్ళు దాన్ని రేస్‌ట్రాక్ అంటారు, మెట్రా లోకళ్ళు, దూరం వెళ్ళే ఆమ్‌ట్రాక్ రైళ్ళు, గూడ్సు అన్నీ పక్కపక్కనే పోతుంటాయి. వానకోయిల గారి మావయ్యగారిని అక్కణ్ణుంచి కదిలించడం కష్టం.

#14 వానకోయిల
మావయ్యగారికి #13 చదివి వినిపించా. "మూడు ట్రాకులా, సిగ్నలింగ్ ఎలా చేస్తారో" అని అప్పుడే మొదలెట్టారు. రివర్‌సైడ్ ఖాయం అయినట్టే. కానీ హోటల్ లేదన్నారు, రాత్రి ఎక్కడ ఉండాలి?

#15 కాఫీ_కిట్టు
మళ్ళీ చెప్తున్నా జెనీవా 🙂 అక్కడ దిగడానికి చోట్లున్నాయి.

#16 రెండుజెళ్ళ_రమణి
ఓక్ పార్క్‌లో ఉండండి. రివర్‌సైడ్ నుంచి కార్లో అయితే పదిహేను ఇరవై నిమిషాలు, బస్సులో కూడా వెళ్ళొచ్చు, హార్లెం ఎవెన్యూ మీద పేస్ 307 ఉంది. ఓక్ పార్క్‌లో పాత హోటళ్ళున్నాయి, ఇళ్ళల్లో గదులిచ్చేవాళ్ళూ ఉన్నారు. ఒకరోజు అది, ఒకరోజు ఇది.

మా అమ్మానాన్న వచ్చినప్పుడు ఓక్ పార్క్‌లో రెండు రాత్రులున్నాం. ఫారెస్ట్ ఎవెన్యూ మీద పేరున్న ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్ కట్టిన ఇళ్ళు వరసగా ఉంటాయి, చివర్లో ఆయన సొంతిల్లు. 1889లో కట్టుకుని 1909 దాకా అక్కడే ఉన్నాడు. లోపల పిల్లల ఆటగది ఉంది చూడండి, ఇరుకు దారిలోంచి వెళ్ళి ఒక్కసారిగా గుండ్రటి ఎత్తైన కప్పు కిందకి వస్తాం, మా అమ్మ "అబ్బ, గుళ్ళో గర్భగుడి దగ్గర్నుంచి మంటపంలోకొచ్చినట్టుంది" అంది. గైడు తెలుగు కాదు గానీ ఆ మాట ఇంగ్లీషులో చెప్తే ఆవిడ ఎంత సంబరపడిందో. టికెట్ మాత్రం ముందే బుక్ చేసుకోండి, అప్పటికప్పుడు దొరక్కపోవచ్చు.

#17 బెజవాడ_బుల్లోడు
ఓక్ పార్క్ విలేజ్ ఎలా అవుద్దండీ, చికాగో సిటీ మెట్రో (ఎల్ ట్రెయిన్) వెళ్తుంది, అపార్ట్‌మెంట్లున్నాయి, యాభై వేలకి పైగా జనం. టౌన్ అనాలి.

#18 స్థపతి
ఇల్లినాయ్‌లో విలేజ్ అంటే చట్టప్రకారం ఒక రకం మునిసిపాలిటీ, జనాభాతో పని లేదు. ఓక్ పార్క్ విలేజే, షాంబర్గ్ కూడా విలేజే. జెనీవా మాత్రం చిన్నదైనా సిటీ.

#19 మల్లి_ముషీరాబాద్
అరె నేను తొమ్మిదేండ్లసంది షాంబర్గ్‌ల ఉంటున్న, నేను పల్లెటూరోడినన్నట్టు! మా నాయనకు ఇయ్యాల్నే ఫోన్ చేసి చెప్త, "అమెరికా వొయ్యి పల్లెల్నే ఉన్నవ్" అని ఖుషీ అయితడు.

#20 పాదచారి
ఓక్ పార్క్ బాగుంటది, కాదనను. కానీ వానకోయిల గారు అడిగింది ప్రశాంతత. ఓక్ పార్క్ వెళ్తే రైట్ ఇల్లు, రచయిత హెమింగ్వే పుట్టిన ఇల్లు, రైట్ కట్టిన యూనిటీ టెంపుల్ చర్చి, మొక్కలుండే కన్సర్వేటరీ, ఇలా లిస్టు తయారవుతుంది, టైం స్లాట్ టికెట్లు, పరుగు. డెల్స్‌కి వెళ్ళినట్టే అయిపోద్ది, కారు బదులు కాళ్ళు అంతే. మేం పోయినేడు మే నెలలో అలాగే చేశాం. ఒక్కరోజులో నాలుగు చూశాం, సాయంత్రానికి మా ఆవిడా నేనూ మాట్లాడుకోలేదు. అలిసిపోయి కాదు, నేను వాచీ చూసుకుంటూ అందర్నీ తరిమానని. మర్నాడు టికెట్లేమీ లేవు కాబట్టి ఊరికే వీధుల్లో తిరిగాం. ఒకాయన తన తోటలో పియొనీ పూలకి కర్రలు కడుతుంటే మా ఆవిడ ఆగి మాట్లాడింది, ఆయన రెండు పూలు కోసిచ్చాడు. ఆ ట్రిప్పులో మాకు గుర్తున్నది అదొక్కటే. అందుకని చెప్పేదేంటంటే రోజుకి ఒక్క టికెట్టు, అంతకుమించి కొనకండి.

#21 గోరింటాకు
పాదచారి గారూ +1000. "వచ్చాం కదా అదికూడా చూసేద్దాం" అన్న మాట ఇంట్లో ఎవరూ అనకూడదని ముందే ఒట్టు వేయించుకోండి.

#22 రెండుజెళ్ళ_రమణి
పాదచారి గారు చెప్పింది ఒప్పుకుంటా కానీ ఒక్క టికెట్టంటే నేను రైట్ ఇల్లు కూడా వదిలేసి యూనిటీ టెంపుల్‌కే ఓటేస్తా. 1905లో పాత చర్చి పిడుగు పడి కాలిపోతే డబ్బు తక్కువని కాంక్రీటుతో కట్టించుకున్నారు. బయట్నుంచి చూస్తే నిజంగా బాగోదు, బూడిదరంగు డబ్బా, గుమ్మం ఎక్కడుందో కూడా తెలీదు, పక్కనుంచి తిరిగి వెళ్ళాలి. లోపల దారి చీకటిగా, కప్పు తలకి తగిలేలా ఉంటుంది. అక్కణ్ణుంచి మెట్లెక్కి హాల్లోకొస్తే పైకప్పు నిండా తేనెరంగు అద్దాలు. మబ్బు పట్టిన రోజు వెళ్ళాం మేము, అయినా లోపల ఎండ కాస్తున్నట్టే ఉంది. 2019లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. మా నాన్న గంటసేపు ఒకే చోట కూర్చున్నారు, లేపబుద్ధి కాలేదు.

#23 నడకదారి
యూనిటీ టెంపుల్‌లో ఆదివారం పొద్దున ప్రార్థనలు జరుగుతాయి, అది ఇప్పటికీ వాడకంలో ఉన్న ప్రార్థనాలయం. కాబట్టి టూర్ కావాలంటే శనివారమే పెట్టుకోండి. అంటే శనివారం ఓక్ పార్క్, ఆదివారం రివర్‌సైడ్ అవుతుంది.

#24 స్థపతి
అలా అయితే రివర్‌సైడ్ మ్యూజియం పోతుంది. నీళ్ళ ట్యాంకు పక్కన పాత బావి గదుల్లో ఉంటుంది, నేను వెళ్ళినప్పుడల్లా శనివారం కొన్ని గంటలే తెరిచారు. చిన్న గది, నడిపేది వాలంటీర్లు, వాళ్ళు చెప్పే కబుర్లు వినాలి.

#25 పాదచారి
రెండిట్లో ఒకటి వదిలెయ్యండి. వదిలెయ్యడమే కదా మనం నేర్చుకోవాల్సింది.

#26 తెల్లారి_బండి
మధ్యలో నాదొక డౌట్. రివర్‌సైడ్‌లో రాత్రి గ్యాస్ దీపాలు వెలుగుతాయంటారు, నిజమేనా లేక గ్యాస్ దీపంలా కనపడే ఎల్‌ఈడీలా?

#27 స్థపతి
నిజమైన గ్యాసే. పగలు పట్టించుకోం, మామూలు స్తంభాల్లా ఉంటాయి. చీకటి పడ్డాక ఆ వంపు రోడ్ల మీద ఒకదాని వెనక ఒకటి, రెండో మూడో కంటే ఎక్కువ ఒకేసారి కనపడవు. వీధంతా వెలిగిపోయే వెలుతురు కాదది, కిందున్న పచ్చిక వరకే. అలవాటు లేనివాళ్ళకి మొదట చీకటిగా అనిపిస్తుంది, కాసేపటికి కళ్ళు సర్దుకుంటాయి.

#28 వానకోయిల
ఇది చదివాక నిర్ణయం అయిపోయింది. శనివారం పొద్దున రివర్‌సైడ్, చీకటి పడేదాకా అక్కడే, దీపాలు చూసి రాత్రికి ఓక్ పార్క్. ఆదివారం ఓక్ పార్క్‌లో టికెట్టే లేకుండా ఊరికే నడక. యూనిటీ టెంపుల్ ఇంకోసారి. రమణి గారూ ఏమనుకోకండి.

#29 రెండుజెళ్ళ_రమణి
అయ్యో ఏమనుకుంటాను. ఆదివారం బయట్నుంచయినా ఓ చుట్టు తిరిగి రండి.

#30 కాఫీ_కిట్టు
జెనీవా నన్ను వదల్లేదు కానీ మీరు జెనీవాని వదిలేశారు. ఆకులు రాలే కాలంలో అయినా వెళ్ళండి ప్లీజ్.

#31 మల్లి_ముషీరాబాద్
లాంగ్ గ్రోవ్ వంతెన సంగతి ఎవ్వరికన్న ఎర్కనా? 1906ల కట్టిన్రు, మీద కప్పు 1972ల వేసిన్రు. ఎత్తు ఎనిమిదిన్నర అడుగులే, బోర్డులు పెట్టినా పెద్ద బండ్లు జొరబడి గుద్దుతనే ఉంటయ్. 2018ల ట్రక్కు గుద్దితే మూసిన్రు, 2020ల తెరిచిన్రు, మళ్ళ గుద్దుడే. అయినా ప్రతిసారి బాగుచేసుకుంటరు గని తీసెయ్యరు. ఆ ఊరోళ్ళకు దానిమీద పానం. నాకు గదే నచ్చుతది.

#32 బెజవాడ_బుల్లోడు
మల్లి భాయ్ ఇది మంచి పోస్ట్. వంతెన చూడాలనిపిస్తోంది. ఎనిమిదిన్నర అడుగులంటే మా వ్యాన్ పడుతుందిలే.

#33 గోరింటాకు
వానకోయిల గారికి చిన్న జాగ్రత్తలు. వీకెండ్‌లో రైళ్ళు తక్కువ, ఒకటి పోతే ఇంకోదానికి చాలాసేపు పడుతుంది, తిరుగు టైం ఫోటో తీసుకుని పెట్టుకోండి. రైలు టికెట్లు కొనే వెంట్రా యాప్‌లో వీకెండ్ పాస్ తీసుకోండి, పాపకి టికెట్ అక్కర్లేదు. నది పక్కన వానలు పడ్డాక అంతా బురద, పాత చెప్పులు వేసుకోండి. ఇంకొకటి, ఆ అందమైన ఇళ్ళన్నీ ఎవరివో సొంతిళ్ళు, రైట్ కట్టిన కూన్లీ ఇల్లు కూడా. మేం తెలీక ఒక ఇంటి పచ్చికలోకి వెళ్ళి ఫోటోలు దిగుతుంటే ఇంటావిడ బయటికొచ్చింది. తిట్టలేదు పాపం, "దారి తప్పారా" అని అడిగింది, కానీ నాకు తల తీసేసినట్టయింది. పేవ్‌మెంట్ మీంచే చూడండి.

#34 పాదచారి
మీరు వెళ్ళేది ఏ నెల? నేను 2024 జూన్‌లో రివర్‌సైడ్ వెళ్ళా, పదిహేడేళ్ళకొకసారి నేలలోంచి వచ్చే సికాడా పురుగులు వచ్చిన ఏడాది. పాత చెట్లు ఎక్కువ కదా, అక్కడ విపరీతం. ఆ రొదలో పక్కమనిషి మాట వినపడలేదు, ప్రశాంతత అని వెళ్ళి చెవుల్లో దూది పెట్టుకున్నాం. అయినా చెట్టు మొదట్లో రాత్రిపూట తెల్లటి పురుగు తన పాత తొడుగు చీల్చుకుని బయటికి రావడం టార్చి వేసి చూశాం, దాదాపు గంట పట్టింది, మా అబ్బాయి కదల్లేదు. మళ్ళీ అవి 2041లోనే.

#35 వానకోయిల
సెప్టెంబర్. వెళ్ళొచ్చి రాస్తా.

#36 తెల్లారి_బండి
తప్పకుండా రాయండి, చాలామంది అడిగి మాయమైపోతారు.

#37 వానకోయిల
వెళ్ళొచ్చాం! ఆదివారం రాత్రే రాద్దామనుకున్నా, నిద్రొచ్చేసింది, మంచి నిద్ర.

రైల్లో మావయ్యగారు పై అంతస్తులో కూర్చుంటానని పట్టుబట్టి ఎక్కారు, కిందనుంచి పాప, పైనుంచి ఆయన, ప్రతి స్టేషన్ పేరూ గట్టిగా చదువుకుంటూ వచ్చారు. రివర్‌సైడ్‌లో మాతో దిగింది ఇంకో ఇద్దరే. రైలు వెళ్ళిపోగానే ఎంత నిశ్శబ్దమంటే అత్తయ్యగారు "అందరూ పడుకున్నారా" అని గుసగుసగా అడిగారు.

మ్యూజియంలో పెద్దాయన ఒకరు మావయ్యగారితో గంటసేపు మాట్లాడారు. ఈయన ఇంగ్లీషు ఆయనకీ ఆయన ఇంగ్లీషు ఈయనకీ సగమే అర్థమైంది, అయినా ఇద్దరూ పాత రైల్వే మ్యాపు మీద వేళ్ళు పెట్టి ఏవేవో తేల్చుకున్నారు. నేనూ అత్తయ్యగారూ బయట బెంచీ మీద కూర్చున్నాం. తర్వాత నడక మొదలెట్టాం, స్కాట్స్‌వుడ్ రోడ్ అనుకుని బయల్దేరి ఎక్కడికో వెళ్ళిపోయాం, ఫోన్ తియ్యబోతే అత్తయ్యగారు వద్దన్నారు. "వాసన బట్టి నది ఎటుందో తెలుస్తోంది, పద" అన్నారు. నిజంగానే రెండు మలుపుల తర్వాత నది వచ్చింది. ఆవిడ కృష్ణ ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి. నీళ్ళ దాకా దిగి చెయ్యి తడిపి పాప నెత్తిన చల్లారు. మైలున్నర అనుకున్నది మూడు మైళ్ళ పైన నడిచారు, నాలుగుసార్లు కూర్చుని. స్థపతి గారు చెప్పిన ముక్కోణం పచ్చిక ఒకదాని మీద దుప్పటి పరుచుకుని పులిహోర తిన్నాం. కుక్కని తిప్పుతూ వెళ్ళేవాళ్ళందరూ పలకరించారు. "మనుషులు నడుస్తారన్నమాట" అన్నారు అత్తయ్యగారు.

వంతెన ఏడుసార్లు. గోరింటాకు గారి అబ్బాయి రికార్డు పదిలం.

సాయంత్రం దీపాలు. స్థపతి గారూ మీరొకటి చెప్పలేదు. దగ్గరికెళ్ళి గాజులోంచి చూస్తే లోపల చిన్న చిన్న జాలీ సంచుల్లాంటివి తెల్లగా వెలుగుతున్నాయి, మన పెట్రోమాక్స్ లైట్లో ఉండే మాంటిల్ లాంటివే. అత్తయ్యగారు చూసి స్తంభం మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయారు. వాళ్ళ పెళ్ళికి ఊళ్ళో కరెంటు లేదట, ఊరేగింపులో అటూ ఇటూ తలల మీద పెట్రోమాక్స్ లైట్లు పెట్టుకుని నడిచారట, ఒక దీపం మాంటిల్ రాలిపోయి మళ్ళీ కట్టేదాకా పల్లకీ ఆపేశారట. ఆ చీకట్లోనే మొదటిసారి మావయ్యగారు ఆవిడతో మాట్లాడారట. ఏం మాట్లాడారని అడిగితే ఇద్దరూ చెప్పలేదు. మా పెళ్ళయి పదేళ్ళయినా నాకే కాదు, వాళ్ళ కొడుకైన మా ఆయనకీ ఈ సంగతి తెలీదు.

ఓక్ పార్క్ గురించి రేపు రాస్తా, పాప లేచింది.

#38 రెండుజెళ్ళ_రమణి
ఆఫీసులో కూర్చుని చదివి కళ్ళు తుడుచుకుంటున్నా. మావయ్యగారు ఏమన్నారో కనుక్కోండి, మాకు చెప్పకపోయినా పర్లేదు.

#39 స్థపతి
పదిసార్లు వెళ్ళా, ఒక్కసారీ దీపం లోపలికి తొంగి చూడలేదు. ఈ శనివారం వెళ్తున్నా.

#40 బెజవాడ_బుల్లోడు
స్థపతి గారూ నేనూ వస్తా, ఈసారి కారు లేకుండా. ఏ రైలుకి?

#41 స్థపతి
నేను లైల్‌లో ఎక్కుతా బుల్లోడు గారూ, రెండో పెట్టె. స్టేషన్ పేరు మెసేజ్ చెయ్యండి, మీ టైం చూసి చెప్తా.

#42 మల్లి_ముషీరాబాద్
నాకు గూడ సీటు ఆపుండ్రి. షాంబర్గ్ పల్లెకెల్లి వస్తున్న.